యాభై ఎనిమిదేళ్ల కోడిపెట్ట

జూలై 7, ఆదివారం

జత్మికో వచ్చి వెళ్లాడు. పదింటికి వచ్చాడు, పన్నెండుకు లేచాడు. అమ్మ అతన్ని మూడుసార్లు మెచ్చుకుంది. చొక్కా శుభ్రంగా ఉందంది. పలువరస బాగుందంది. వృత్తి విద్యా పాఠశాలలో పిల్లలకి మోటార్లు బాగుచేయడం నేర్పుతాడంటే, "అబ్బో, మోటార్లే!" అంది. చివరికి మా అమ్మాయి వెనింగ్ గొంతు సవరించుకుని, "నానమ్మా, నేను ఇతన్ని చేసుకుందామనుకుంటున్నా," అంటే, "అలాగేనమ్మా, అలాగే, అలాగే," అంది.

అతను వెళ్లాక అతని గ్లాసు అడుగున మిగిలిన టీ రుచి చూశాను. పంచదార లేదు.

అమ్మ గ్లాసుకు నాలుగు చెంచాలు వేస్తుంది. ఉత్తరాలు తెచ్చేవాడికీ నాలుగే, ఓట్లడగడానికి వచ్చేవాళ్లకీ నాలుగే. ఎనభై ఏళ్ల మనిషి, మరిచిపోయి ఉండొచ్చు. నాకూ వెనింగ్‌కీ పోసినవి మాత్రం ఎప్పటిలాగే తియ్యగా ఉన్నాయి.

జూలై 8

మరిచిపోలేదు.

జూలై 9

వెనింగ్ ఆరోగ్య కేంద్రంలో డ్యూటీ దిగి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా అడిగింది.

"నానమ్మ ఒప్పుకోలేదు కదా నాన్నా?"

"మూడుసార్లు అలాగే అంది."

"అదే అంటున్నా. ఒకసారి అంటే ఆలోచిస్తోందని. రెండుసార్లంటే ఇంకా అడగొచ్చని. మూడుసార్లన్నదంటే ఇక అయిపోయింది."

ముప్పైఒక్క ఏళ్లు సురబయలో పత్రికకు రిపోర్టరుగా పనిచేశాను. మంత్రుల మాటలు విన్నాను, పోలీసుల మాటలు విన్నాను. అమ్మ మాట ఇరవయ్యారేళ్ల పిల్లకి అర్థమైనట్టు నాకు అర్థం కాదు.

కుర్రాడిలో లోపమేమీ లేదు. అతనిది నదికి దక్షిణపు ఒడ్డు, మాది ఉత్తరపు ఒడ్డు. అంతే. పడవెక్కితే ఏడు నిమిషాలు. కానీ ఈ రెండు ఊళ్ల మధ్య పెళ్లి కూడదంటారు.

"నువ్వూ నేనూ సంతకం పెడితే పెళ్లయిపోతుంది. ఆఫీసు వాళ్లకి నానమ్మతో పనిలేదు," అన్నాను.

"నానమ్మ రాని పెళ్లి నాకొద్దు. అమ్మ పోయాక పదేళ్లు నాకు జడలేసింది నువ్వా, ఆవిడా?"

ఒకసారి నేనూ వేశాను. బళ్లో విప్పేసి మళ్లీ వేశారట.

ఆగస్టు చివరితో మా జావా లెక్కలో బెసార్ నెల అయిపోతుంది. ఆ తర్వాత సురో. సురోలో ఎవరూ పెళ్లి చేయరు. అక్టోబరులో జత్మికోకి సముద్రం అవతల కలిమంతాన్‌కి బదిలీ. ఏడు వారాలున్నాయి.

జూలై 11

పుస్తకం పని మొదలుపెట్టాను. నదీతీరపు కథలు సేకరించి ఇమ్మని జిల్లా సాంస్కృతిక శాఖ వాళ్లు ఫారాలు పంపారు. కథ పేరు, చెప్పినవారి పేరు, వయసు, కథ. చివర ఒక చిన్న గడి: నీతి.

మా ఒడ్డున చెప్పే కథ ఇది. చెప్పినవారు: పొరుగింటి కస్మిరా అక్క, వయసు అరవై ఒకటి, పొద్దున్నే పచ్చడన్నం పొట్లాలు అమ్ముతుంది.

పూర్వం దక్షిణపు ఒడ్డువాళ్లు తెప్ప మీద పెళ్లికూతుర్నీ, ఒక పెద్ద గంటనీ ఎక్కించుకుని మా ఒడ్డుకి వచ్చారు. అప్పటికే పెళ్లికొడుకు పారిపోయాడు. ఇంటికొచ్చిన చుట్టాలతో ఆ మాట ముఖం మీద ఎలా చెప్తారు? "ఎక్కి రావచ్చా?" అని తెప్ప మీంచి అడిగినప్పుడల్లా మా పెద్దలు, "అలాగే, ఒక్క నిమిషం," అన్నారు. మూడు పూటలా భోజనం పంపారు. మూడో రోజు నది పొంగింది. తెప్ప విరిగి గంట మునిగిపోయింది. దక్షిణపు పెద్ద తడిబట్టలతో నిలబడి, ఇక ఈ నీళ్లు దాటి మన మధ్య పెళ్లి ఉండదని శపించాడు.

"పెళ్లికొడుకు ఏమయ్యాడు?" అని అడిగాను.

"సిగ్గుతో చచ్చుంటాడు. నాకేం తెలుసు? నువ్వేమన్నా పోలీసువా?" అంది అక్క.

ఈ కథ రాయడానికీ జత్మికోకీ సంబంధం లేదు. పుస్తకం సెప్టెంబరులో ఇవ్వాలి.

జూలై 14

నిషేధం దాటి పెళ్లి చేసుకున్న జంటలు ఎన్ని? ఊళ్లో అందరూ రెండు చెబుతారు. మొదటి జంట విడిపోయింది, నిజమే; భర్తకి ఇంకో ఊళ్లో ఇంకో సంసారం ఉంది. రెండో జంటలో భర్త కొబ్బరిచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వెళ్లి కలిశాను. కాలు విరిగింది పెళ్లికి నాలుగేళ్ల ముందు. కట్టు కట్టిన నర్సునే పెళ్లి చేసుకున్నాడు.

ఈ సంగతి అమ్మకి చెప్పాను. "అలాగా," అంది. ఒక్కసారే అంది.

జూలై 21, ఆదివారం

ఆవలి ఒడ్డు కథ కూడా కావాలి కదా. జత్మికో పడవరేవు దగ్గర మోటారు సైకిల్‌తో కనిపెట్టుకుని ఉన్నాడు.

"మొన్న మా ఇంట్లో టీ ఎలా ఉంది?" అని అడిగాను.

"మా ఒడ్డున 'ఉత్తరపు అలాగే' అని ఒక మాట ఉందండి. ఉత్తరపు టీ కూడా ఉందని ఆ రోజే తెలిసింది," అన్నాడు. తర్వాత సిగ్గుపడ్డాడు. కుర్రాడు పర్వాలేదు.

కథలు బాగా చెబుతుందని రుకినెమ్ అవ్వ దగ్గరికి తీసుకెళ్లాడు. ఎనభై రెండేళ్లు. వయసులో ఉన్నప్పుడు వీపున బుట్టలో సీసాలు పెట్టుకుని రెండు ఒడ్డులా మూలికల కషాయం అమ్మేది. కథ దాదాపు మాదే. ఒక్కటే తేడా: ఆ మూడు రోజులూ మావాళ్లు పంపిన అన్నంలో ఉప్పు లేదట.

నోట్‌బుక్ మూస్తుంటే అడిగింది. "నీదే ఇల్లు?"

"మసీదు వెనక, పనసచెట్టు ఇల్లు."

"ఏనాడు పుట్టావు?"

"శనివారం. పహింగ్ సంత రోజు. ఇప్పుడు యాభై ఎనిమిది."

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తర్వాత దగ్గొచ్చేదాకా నవ్వింది.

"తెమూ! ఇంత ముసలాడివైపోయావేంట్రా!"

తెమూ అంటే దొరికినవాడు.

మా నాన్న పుట్టిన వారమూ, అయిదు రోజులకోసారి తిరిగొచ్చే ఆ సంత రోజూ కలిసి నాకూ పడ్డాయి. అలా పడితే ఇద్దరిలో ఒకరికి మంచిది కాదని బిడ్డని చేటలో పెట్టి చెత్తకుప్ప మీద పారేస్తారు. ముందే మాట్లాడిపెట్టుకున్న పొరుగావిడ వచ్చి, ఊడ్చి, ఎత్తుకుంటుంది. అప్పట్నించీ బిడ్డ ఆవిడది. తర్వాత కన్నతల్లి కోడిపెట్టనిచ్చి విడిపించుకుంటుంది. మా వైపు మామూలే. నాకూ చేశారని తెలుసు. ఎత్తుకున్నది కస్మిరా అక్క వాళ్లమ్మ అని విన్నాను.

"ఆవిడ రాలేదు," అంది రుకినెమ్ అవ్వ. "నేను కషాయం బుట్టతో ఆ దారిన పోతున్నా. చెత్తకుప్ప మీద బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నాకేం తెలుసు? తలగుడ్డతో దులిపి ఎత్తుకున్నా. అప్పుడు మీ అమ్మ చెట్టు చాటు నుంచి బయటికొచ్చింది. ఆ ముఖం చూడాల్సింది నువ్వు! ఎత్తుకున్నది ఆవలి ఒడ్డు మనిషి అని తెలిసి రెండడుగులు వెనక్కి వేసింది. కోడి తెచ్చి విడిపించుకుంటానంది. నేను బిడ్డని చేతికిచ్చి ఇంటికొచ్చేశా."

"కోడి?"

"చూస్తూనే ఉన్నా."

జూలై 22

ఒక్క మనిషి చెప్పిందాన్ని వార్తగా రాయకూడదు. కస్మిరా అక్కని అడిగాను. పొట్లాలు కడుతూ తల ఎత్తలేదు.

"ఎవరు చెప్పారు నీకు?"

"చెప్పాల్సినవాళ్లు చెప్పారు."

"మా అమ్మ తప్పు కాదు. ముందురోజు ఎక్కడో విందులో మిరపకాయ పచ్చడి ఎక్కువ తినేసింది. చీపురు పట్టుకుని బయల్దేరింది, పాపం. దారిలో రెండుసార్లు వెనక్కి పోవాల్సొచ్చింది. చేరేసరికి నువ్వు లేవు. చచ్చేదాకా ఆ మాట తల్చుకుని నవ్వేది, మీ అమ్మ ఎదురుగా తప్ప."

రెండో సాక్ష్యం దొరికింది.

జూలై 24

అమ్మ వంటింటి గడప మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"అమ్మా, ఆవలి ఒడ్డున రుకినెమ్ అనే ఆవిడని కలిశాను."

"బతికే ఉందా?" అనేసి నాలుక కరుచుకుంది.

ఇంకో గుప్పెడు మిరపకాయలు ఒళ్లో వేసుకుంది. చివరికి తనే చెప్పింది.

"ఇద్దామనే అనుకున్నానురా. ఆవలి ఒడ్డు మనిషి చేతికి నా కొడుకుని ఇచ్చానని ఊరందరికీ తెలియాలా? ఇవాళ, రేపు అనుకున్నా. తర్వాత నువ్వు నడిచావు. తర్వాత బడికెళ్లావు. ఆ తర్వాత ఇస్తే ఇన్నాళ్లూ ఇవ్వలేదని తెలుస్తుంది. ఆవిడ అడిగినప్పుడు మాత్రం అలాగే అన్నాను."

"ఎన్నిసార్లన్నావు?"

"మూడు," అంది అమ్మ.

జూలై 25

రాత్రి భోజనాల దగ్గర అమ్మ లేచి నిలబడి, "రేపే కోడి కొని తెస్తా. రేపే పంపించేస్తా," అంది.

"ఇవ్వకు నానమ్మా," అంది వెనింగ్.

"ఏం?"

"కోడి ఇచ్చేదాకా నాన్న ఆవలి ఒడ్డు మనిషి. అంటే నేనూ ఆవలి ఒడ్డు పిల్లనే. జత్మికోదీ అదే ఒడ్డు. ఇక నది దాటే పెళ్లి ఎక్కడుంది? శాపం ఎవరికి తగులుతుంది?"

ఆలోచించాను. ఎటు చూసినా తప్పు కనపడలేదు.

"అయితే వీడు నాకెవడే?" అంది అమ్మ.

"ఇదంతా ఆచారం అమ్మా. నా జనన ధ్రువపత్రంలో..." అన్నాను.

"నువ్వూరుకో," అన్నారు ఇద్దరూ.

జూలై 26

అమ్మ కోడిపెట్టని కొనుక్కొచ్చింది. ఎర్రటిది. వంటింటి బల్ల కింద కట్టేసింది.

జూలై 28

కోడి ఇంకా ఉంది. గుడ్డు పెట్టింది.

జూలై 30

కోడి ఉంది. అమ్మ దాని పక్కన పీట వేసుకుని కూర్చుంటోంది. ఏమన్నా అడిగితే, "ఊఁ," అంటోంది. వెనింగ్ నన్ను చూస్తుంది, నేను వెనింగ్‌ని చూస్తాను, కోడి మా ఇద్దర్నీ చూస్తుంది.

జూలై 31

పొద్దున నాకు టీ ట్రేలో వచ్చింది. సాసరు మీద గ్లాసు, దాని మీద మూత. పక్కన ప్లేటులో అరటిపండు చుట్టలు.

"తీసుకోండి. చల్లారిపోతుంది," అంది అమ్మ.

నా వెనక ఎవరన్నా వచ్చారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

ఆగస్టు 1

"నీళ్లు తోడి పెట్టానండి. స్నానం చేసి రండి."

"అమ్మా, ఒంట్లో బాగుందా?"

"మీ దయవల్ల బాగానే ఉంది."

జ్వరం లేదు. వెనింగ్ వచ్చి రక్తపోటు చూసింది. అదీ బాగానే ఉంది. పట్టీ విప్పుతూ వెనింగ్ ఏడ్చింది. ఎందుకో చెప్పలేదు.

ఆగస్టు 2

కస్మిరా అక్కకి చెప్పాను. గరిటె కింద పెట్టేసింది.

"ఇన్నేళ్లు పేపర్లో ఏం రాశావయ్యా బాబూ? ఇంట్లో ఏం జరుగుతోందో తెలియదా నీకు? నిన్ను వదిలేసింది. పిల్ల పెళ్లి కోసం. ఆవలి ఒడ్డు మనిషిని ఒరేయ్ గిరేయ్ అంటారా? ట్రేలో టీ ఇచ్చి 'మీరు' అంటారు. ఇంతకంటే గట్టిగా ఎలా ఒప్పుకోవాలి పాపం?"

ఇంటికొచ్చాను. అమ్మ కోడికి నూకలు వేస్తోంది.

పెళ్లి ఖాయమైంది. అమ్మ నోటితో ఒక్కసారి కూడా అలాగే అనలేదు.

ఆగస్టు 4

రుకినెమ్ అవ్వ తన ఒడ్డున ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుందట, నా మనవరాలి పెళ్లని. జత్మికో తల్లి మా ఇంటికొచ్చింది. ఆవిడకి అమ్మ ఇచ్చిన టీలో అయిదు చెంచాలున్నాయని జత్మికో అంటున్నాడు. నేను రుచి చూడలేదు, కాబట్టి నిర్ధారించలేను.

ఊరి పెద్ద లూరా గారు వచ్చి రెండు ప్రశ్నలడిగారు. చేట ఎక్కడుంది? అటక మీద ఉంది, చూపించాను. కోడి ఇవ్వలేదని సాక్ష్యం ఏమిటి? బల్ల కిందకి వంగి చూసుకోమన్నాను. కోడి ఆయన్ని పొడిచింది.

ఆగస్టు 6

టీ ట్రేలో.

మర్యాదగా మాట్లాడితే నష్టమేముంది? నాకేం తేడా లేదు.

ఆగస్టు 9

ట్రేలో. నాలుగు చెంచాలు. తాగలేకపోయాను.

ఆగస్టు 15

చొక్కా గుండీ ఊడిపోయింది. అదే చొక్కాతో రెండు రోజులుగా తిరుగుతున్నాను. ఎవరూ తిట్టలేదు.

ఆగస్టు 18

పుస్తకం పని. కథ పూర్తిచేశాను, రెండు ఒడ్డుల మాటా కలిపి. నీతి గడిలో, "చెప్పాల్సింది ముఖం మీదే చెప్పాలి," అని రాశాను. సాయంత్రం కొట్టేశాను. అమ్మ ముఖం మీద చెప్పి ఉంటే ఈ పని జరిగేది కాదు.

ఇవాళ వంటింట్లోకి వెళ్లి గ్లాసు తీసుకోబోతే, "అయ్యో, మీరెందుకు శ్రమ పడతారు, కూర్చోండి," అంది. కూర్చున్నాను.

నాకేం తేడా లేదు.

ఆగస్టు 25, ఆదివారం

పెళ్లయింది. తొమ్మిదింటికి సంతకాలు. తండ్రి అన్న చోట నేనే పెట్టాను. కాగితాలకి చెత్తకుప్ప సంగతి తెలియదు. రెండొందల పదిమంది తిన్నారు. మేకమాంసం పులుసు సరిపోయింది, అన్నం రెండోసారి వండించాం.

నానమ్మ కుర్చీలో రుకినెమ్ అవ్వ కూర్చుంది, అరువు తెచ్చిన ఊదారంగు రవికెలో. అమ్మ రెండో వరసలో కస్మిరా అక్క పక్కన, పొరుగువాళ్ల మధ్య కూర్చుంది. అలా కూర్చుంటానని తనే చెప్పింది.

పెళ్లికూతురు పెద్దల మోకాళ్ల దగ్గర తల వంచి దీవెన అడిగే వేళ వెనింగ్ ముందు నా దగ్గరికి వచ్చింది. తర్వాత రుకినెమ్ అవ్వ దగ్గరికి. మైకులో మాట్లాడేవాడు, "ఇప్పుడు భోజనాలు," అన్నాడు. వెనింగ్ లేచి, తలలో మల్లెదండలు ఊగుతుండగా, రెండో వరసలోకి నడిచింది. కుర్చీలు జరిపారు. అమ్మ ముందు నేల మీద మోకరించింది.

అమ్మ దాని తల మీద చెయ్యి పెట్టింది.

"ఎవరి పిల్లవో గానీ, చక్కగా ఉన్నావు. లే, బట్టలు నలిగిపోతాయి."

కస్మిరా అక్క పైట అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మైకువాడు భోజనాలని మళ్లీ ప్రకటించాడు. నేను ఫొటో తీయాల్సింది, తీయలేదు.

ఆగస్టు 31, శనివారం

అమ్మ పొద్దున్నే కోడిని చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"పడవ ఎన్నింటికండీ?" అని నన్నే అడిగింది.

ఎనభై ఏళ్లలో ఎప్పుడూ ఆ నది దాటలేదు. పడవలో నా చెయ్యి పట్టుకుంది, పట్టుకుని, "క్షమించండి," అంది. పడవవాడు రెండు ఒడ్డులకీ కట్టిన తీగ లాగుతూ మమ్మల్ని వింతగా చూశాడు.

నది మధ్యలో కోడి గుడ్డు పెట్టింది.

ఆవలి ఒడ్డున రుకినెమ్ అవ్వ, వెనింగ్, జత్మికో నిలబడి ఉన్నారు. ఇరవైమంది దాకా ఊరివాళ్లు కూడా. పడవ ఒడ్డుకి బారెడు దూరంలో ఉండగా అమ్మ లేచి నిలబడింది.

"ఎక్కి రావచ్చా?"

"అలాగే," అంది రుకినెమ్ అవ్వ. "ఒక్క నిమిషం ఆగండి."

అందరూ బిగుసుకుపోయారు. పడవవాడు తీగ వదిలేశాడు. నేను ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. తొమ్మిది దాకా వచ్చింది. అప్పుడు రుకినెమ్ అవ్వ మోకాళ్లు పట్టుకుని పగలబడి నవ్వింది.

"రావే తల్లీ, రా! యాభై ఎనిమిదేళ్లు ఆగింది నేను. నువ్వో నిమిషం ఆగలేవూ?"

అమ్మ ముందు కోప్పడింది. తర్వాత నవ్వింది. నవ్వుతూ దిగబోయి నీళ్లలో కాలు పెట్టింది, చెప్పు కొట్టుకుపోయింది, జత్మికో మోకాల్లోతు దిగి పట్టుకొచ్చాడు.

కోడిపెట్టని చేతులు మార్చారు. రుకినెమ్ అవ్వ దాన్ని తిప్పి చూసి, కాస్త చిక్కిందంది. చిక్కలేదంది అమ్మ. గుడ్డు ఎవరికి చెందుతుందన్న దాని మీద పావుగంట వాదన జరిగింది. కోడితోపాటు వచ్చింది కాబట్టి నాదని ఒకావిడ, కోడి చేతికిచ్చేముందు పెట్టింది కాబట్టి నాదని ఇంకొకావిడ. నన్ను తీర్పు చెప్పమన్నారు. నది నడిమధ్యన పెట్టిందన్నది ఒక్కటే నాకు తెలిసిన నిజం. గుడ్డు పడవవాడికి దక్కింది.

రుకినెమ్ అవ్వ నా భుజం తట్టింది. "పో తెమూ. మీ అమ్మ దగ్గరికి పో."

తిరుగు పడవలో అమ్మ తడిసిన చెప్పు విదిలించింది. నన్ను ఎలా పిలుస్తుందోనని చూశాను. ఇంటికి వచ్చేదాకా పిలవనే లేదు.

సెప్టెంబరు 1, ఆదివారం

నీతి గడి ఖాళీగానే వదిలేసి ఫారాలు కవర్లో పెట్టాను.

పొద్దున ఆరింటికి బల్ల మీద ట్రే లేదు. ఆరున్నరకి కూడా లేదు. కూర్చునే ఉన్నాను. వంటింట్లోంచి కేక వినిపించింది.

"ఒరేయ్ జొనో! ఎవరొచ్చి పోస్తారనిరా అక్కడ కూర్చున్నావు? నీళ్లు మరిగిపోతున్నాయి, టీ కావాలంటే వచ్చి కలుపుకో! ఆ గుండీ ఊడిన చొక్కా ఇటు పారెయ్. పదిహేను రోజుల్నించీ చూస్తున్నా, సిగ్గు లేకపోతే సరి!"

చొక్కా ఇచ్చేసి టీ కలుపుకున్నాను. డబ్బాలో పంచదార అయిపోయింది. అలాగే తాగాను. గ్లాసు అడుగున ఏమీ మిగల్చలేదు.